కేకు టిన్నుల ఘనపరిమాణం

కేకు టిన్నులో ఎంత పడుతుందో దాని మీద రాసిన అంగుళాలు చెప్పవు. లోపలి ఘనపరిమాణమే చెబుతుంది. 20 సెం.మీ. వ్యాసం, 5 సెం.మీ. లోతు ఉన్న గుండ్రటి టిన్నులో దాదాపు 1,570 మి.లీ. పడితే, అదే కొలత చదరపు టిన్నులో 2,000 మి.లీ. పడుతుంది. అంటే ‘ఎనిమిది అంగుళాల టిన్ను’ అనే ఒక్క మాట కింద అయిదో వంతుకు పైగా తేడా దాగి ఉంది. వ్యాసం 23 సెం.మీ. అయితే గుండ్రటిదీ 2,077 మి.లీ.కు చేరి, ఆ చదరపు టిన్నుకు బదులు పనికొస్తుంది. లెక్కలో వ్యాసార్థానికి వర్గం కడతాం కాబట్టి, పెరిగింది మూడు సెంటీమీటర్లే అయినా పట్టేది మూడో వంతు పెరిగింది.

ఈ లెక్క నిటారు గోడలున్న టిన్నులకే. అంచులు వాలుగా ఉన్నవాటికీ, నడుమ గొట్టం ఉన్న బండ్ట్ టిన్నుకూ నీళ్లే దిక్కు. ఖాళీ టిన్నును తూకం మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోస్తే ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. అడుగు ఊడివచ్చే టిన్ను కారుతుంది. అందులో బియ్యం నింపి, వాటిని కొలపాత్రలో పోసి చూడాలి, తూచకూడదు. పిండి ఎలాగూ సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే పోస్తాం, ఇంత లెక్కెందుకని అనవచ్చు. ఆ సగం ఎంతలో సగమో తెలియాలిగా! ఘనపరిమాణం ఒకటైతే కేకూ ఒకేలా ఉడుకుతుందనుకోవడం మాత్రం పొరపాటు. లోతైన టిన్నులో నడిమి భాగానికి వేడి ఆలస్యంగా చేరుతుంది. వెడల్పు టిన్నుకు చెప్పిన సమయం దానికి చాలదు.