కారవాన్ బరువు, కారు బరువు: బ్రిటన్‌లో ఒక లెక్క
1885లో రచయిత గోర్డన్ స్టేబుల్స్ విహారానికి చేయించుకున్న ‘వాండరర్’ బండిని రెండు గుర్రాలు లాగగా, 1919లో ఎకిల్స్ సంస్థ కారు వెనక తగిలించే కారవాన్లను, అంటే చక్రాలపై సాగే చిన్న ఇళ్లను, తయారుచేయనారంభించడంతో, ఏ కారుకు ఎంత బరువు తగునన్న ప్రశ్న బ్రిటన్‌లో తలెత్తింది. లాగగలగడం కన్నా అదుపు చేయగలగడమే ఇందులో అసలు కష్టం. వెనకబండి మరీ బరువైతే అది అటూ ఇటూ ఊగుతూ కారునే దారి తప్పిస్తుంది. అందుకే సామానుతో కలిపి కారవాన్ బరువు, సామాను లేని కారు బరువులో 85 శాతం మించరాదని అక్కడి కారవాన్ సంఘాలు, ముఖ్యంగా కొత్తవారికి, సూచిస్తూ వచ్చాయి. ఇది హితవే తప్ప చట్టం కాదు. 1997 నుంచి లైసెన్సు పొందినవారు బరువైన వెనకబండ్లు లాగడానికి నెగ్గవలసివచ్చిన అదనపు డ్రైవింగ్ పరీక్షను 2021 డిసెంబరులో ఎత్తివేశాక, ఈ హితవు అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.