సర్జన్ జనరల్ నియామకము – ఒక అర్హతల తగవు



ఒక ఉద్యోగమునకు ఒకరి పేరు వినబడగానే "ఆయనకు అర్హత యున్నదా?" యని ప్రశ్నించుట లోకసహజము. కరణీకములు నడచిన దినములలో ఆ పని ఖాళీ యైనపుడు మన గ్రామములలో రేగిన తగవులు మీలో పలువురకు జ్ఞాపకముండును. నోట అర్హత యను మాట, మనస్సులో వేరొక లెక్క. అట్టి తగవే 1981లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో, దేశమునకంతటికిని ఆరోగ్యోపదేశము చేయవలసిన వైద్యుని గూర్చి జరిగెను. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

ఆ ఉద్యోగమునకు సర్జన్ జనరల్ అని పేరు. జబ్బుపడిన నావికుల చికిత్సకై 1798లో చేసిన యేర్పాటు నుండి యిది పుట్టినది. 1871లో ఆ శాఖకు మొదటి అధిపతి నియమింపబడెను. ఈ అధికారికి నౌకాసేనానివంటి దుస్తులు కలవు గాని, చట్టములు చేయు శక్తి లేదు. చెప్పుకొనదగిన ధనము చేతిలో నుండదు. ఆయనకున్న ఆయుధము మాట యొక్కటే. అధ్యక్షుడు పేరు ప్రతిపాదింపగా, నూర్గురు సభ్యులు గల సెనేటు సమ్మతింపవలెను.

అధ్యక్షుడు రీగన్‌గారు 1981లో ప్రతిపాదించినది ఎవరెట్ కూప్ అను శస్త్రవైద్యుని పేరు. కూప్‌గారు 1948 మొదలు ఫిలడెల్ఫియా నగరపు పిల్లల ఆసుపత్రిలో ప్రధాన శస్త్రవైద్యులు. అప్పుడే పుట్టిన శిశువుల శస్త్రచికిత్సకై 1956లో ప్రత్యేక విభాగమును నెలకొల్పిరి; దేహములంటుకొని పుట్టిన కవలలను వేరుచేసి ప్రఖ్యాతి గాంచిరి. వారి హస్తవాసి తగవులోనిది కాదు.

తగవు మరి రెంటిని గూర్చినది. మొదటిది వయస్సు. 64 ఏండ్లు దాటినవారిని ఆ కొలువునకు తీసికొనుటకు చట్టము అడ్డుపడెను. కూప్‌గారు 1916 అక్టోబరులో జన్మించినవారు. చట్టమును సవరింపవలసి వచ్చెను. ప్రతినిధుల సభలో హెన్రీ వాక్స్‌మన్‌గారు ఆ సవరణను చాలకాలము నిలిపివేసిరి. రెండవది చదువు. శిశువులకు శస్త్రము చేయు నాయనకు ప్రజారోగ్య విద్యలో శిక్షణ లేదని అమెరికా ప్రజారోగ్య సంఘమే యెదురు నిలిచెను. న్యూయార్కు నగరపు పెద్ద పత్రిక యొకటి "అర్హత లేని డాక్టరు" అని శీర్షిక పెట్టి సంపాదకీయము వ్రాసెను.

ఈ రెండవ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదని నా యభిప్రాయము. మంచము మీది రోగిని చూచు వైద్యుడు వేరు. ఊరి నీటిని, మురుగును, అంటురోగములను చూచు వైద్యుడు వేరు. ఒక బిడ్డ ప్రాణమును నిలిపిన చేతికి, లక్షమంది బిడ్డలు జబ్బుపడకుండ చూచు విద్య తనంతట తాను రాదు. ఆ సభలో నుండిన నేనును ఆ ప్రశ్ననే వేసియుందును.

అయినను అసలు నిప్పు వేరొక చోట నుండెను. 1973లో ఆ దేశపు సుప్రీం కోర్టు గర్భస్రావమును స్త్రీల హక్కుగా నంగీకరించినది. దైవభక్తుడైన కూప్‌గారు దానికి గట్టి విరోధి. ఉపన్యాసములతో, చలనచిత్రములతో దానిని ఖండించినవారు. ఎదిరించినవారిలో పెక్కురు అందుకే యెదిరించిరి, బలపరచినవారిలో పెక్కురు అందుకే బలపరచిరి. తన నమ్మకమునకు విరుద్ధమైన సాక్ష్యము కనబడినపుడు ఈయన యేమి చేయును అను ప్రశ్న ఆ గొడవలో మరుగుపడెను. తుదకు నవంబరు 16వ తేదీన 68 వోట్లు అనుకూలముగను, 24 ప్రతికూలముగను వచ్చి నియామకము స్థిరపడెను.

ఇక తరువాతి సంగతి వినుడు. ఆయనను బలపరచినవారిలో పొగాకు పండించు ఉత్తర కరోలినా సెనేటరు జెస్సీ హెల్మ్స్ ఒకరు. పదవి చేపట్టిన కొలది దినములకే, 1982లో, కూప్‌గారు సిగరెట్టునకును కేన్సరునకును గల సంబంధమును నిర్మొగమాటముగా ప్రకటించిరి. 1986లో, పొగ త్రాగువాని ప్రక్క కూర్చున్నవారికి గూడ ఆ హాని తప్పదని చెప్పిరి. చుట్ట వెలిగించుకొని వినుచున్న పెద్దలు నన్ను మన్నింతురు గాక.

ఆ 1986 అక్టోబరుననే ఎయిడ్స్ రోగమును గూర్చిన ఆయన నివేదిక వెలువడెను. 36 పుటలు, అందరకు తెలియు భాష. ఏకపత్నీవ్రతము మేలని చెప్పుచునే, అది లేనిచోట రబ్బరు తొడుగులు వాడవలెననియు, పిల్లలకు బడిలోనే యీ సంగతులు బోధింపవలెననియు వ్రాసిరి. పాత మిత్రులు మండిపడిరి. 1987లో ఆయన గౌరవార్థము జరిగిన విందునకు పేరిచ్చిన రాజకీయ నాయకులు కొందరు తమ పేర్లను ఉపసంహరించుకొనిరి. ఆయన వెనుదీయలేదు. 1988లో ఆ రోగమును గూర్చిన చిన్న పత్రము 10 కోట్ల 70 లక్షల యిండ్లకు తపాలాలో చేరెను.

గర్భస్రావము స్త్రీల ఆరోగ్యమును చెరచునని తేల్చి చెప్పుమని రీగన్ పక్షమువా రాశించిరి. కూప్‌గారు పరిశోధనలనన్నిటిని చూచి, అవి యెటును తేల్చుటకు చాలవని 1989 జనవరిలో అధ్యక్షునకు లేఖ వ్రాసిరి. గర్భస్రావమును గూర్చిన తమ విశ్వాసమును మాత్రము మార్చుకొనలేదు. ఆ సంవత్సరముననే పదవి వదలిరి. వయస్సు సవరణను అడ్డగించిన వాక్స్‌మన్‌గారు అప్పటికే ఆయనను బహిరంగముగ ప్రశంసించువారిలో నొకరైరి.