కర్బన, అకర్బన సమ్మేళనాలను వేరుచేయడం

కర్బన, అకర్బన పదార్థాలు కలిసిన మిశ్రమాన్ని విడదీయడానికి ప్రయోగశాలలో ఎక్కువగా ఆధారపడేది ద్రావణీయతలోని తేడా మీద. సోడియం క్లోరైడ్ వంటి లవణాలు నీటిలో అయాన్లుగా విడిపోయి కరుగుతాయి. నాఫ్తలీన్ వంటి హైడ్రోకార్బన్లు నీటిలో దాదాపు కరగవు, ఈథర్‌లో తేలిగ్గా కరుగుతాయి. అయితే కర్బనమా, అకర్బనమా అన్నది ఒక్కటే చూసి ద్రావణిని ఎంచుకుంటే పొరపాటే. చక్కెర కర్బన పదార్థమైనా ఈథర్‌లో కరగదు. అయోడిన్ అకర్బనమైనా కర్బన ద్రావణులలో బాగా కరుగుతుంది. అణువు ధ్రువత ఎంత, అది అయాన్లుగా మారుతుందా అన్నవే అసలు తేల్చుకోవలసినవి.

ఉప్పు, బెంజోయిక్ ఆమ్లం, నాఫ్తలీన్ కలిసిన పొడిని తీసుకుందాం. దానికి ఈథర్, నీరు చేర్చి వేర్పాటు గరాటులో కుదిపితే ఉప్పు నీటిలోకి, మిగిలిన రెండూ ఈథర్‌లోకి వెళ్తాయి. తేలికైన ఈథర్ పైన నిలుస్తుంది. ఈథర్‌కు బదులు డైక్లోరోమీథేన్ వాడితే అదే అడుగున చేరుతుంది. ఏ పొర ఏదో అనుమానం వస్తే ఒక చుక్క నీరు వేసి, అది ఎందులో కలుస్తుందో చూస్తే చాలు. నీటి పొరను ఇగిర్చితే ఉప్పు దక్కుతుంది.

ఇక ఈథర్‌లో ఉన్నవి రెండూ కర్బన పదార్థాలే. ఇక్కడ కిటుకు ఒకదాన్ని తాత్కాలికంగా లవణంగా మార్చడం. సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కుదిపితే బెంజోయిక్ ఆమ్లం సోడియం బెంజోయేట్‌గా మారి నీటిలోకి దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ వెలువడి లోపల ఒత్తిడి పెరుగుతుంది కనుక గరాటును తలకిందులుగా పట్టుకుని మధ్యమధ్య కుళాయి తిప్పి వాయువును వదలాలి. తర్వాత ఆ నీటి పొరకు హైడ్రోక్లోరికామ్లం కలిపితే బెంజోయిక్ ఆమ్లం తెల్లని అవక్షేపంగా వస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో కరిగేది సుమారు 3.4 గ్రాములే, మరిగే నీటిలో అంతకు పదిహేను రెట్లకు పైగా కరుగుతుంది. అందుకే వేడినీటిలో కరిగించి చల్లార్చి స్ఫటికీకరిస్తారు. ఫినాల్ ఇంకా బలహీనమైన ఆమ్లం, బైకార్బొనేట్‌కు లొంగదు; దానికి సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. అనిలీన్ క్షారం కనుక విలీన హైడ్రోక్లోరికామ్లంతో నీటిలోకి లాగవచ్చు.

ఈథర్‌లో మిగిలిన నాఫ్తలీన్‌ను అనార్ద్ర సోడియం సల్ఫేట్‌తో తేమ తీసి, ద్రావణిని ఆవిరి చేసి రాబడతారు. ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరి గాలికంటే బరువైనది, బల్లమీదుగా పాకి దూరాన ఉన్న మంటనూ అందుకోగలదు. కాబట్టి బర్నర్ పనికిరాదు, వేడినీటి తొట్టె వాడాలి.

ద్రావణి అంతా ఒకేసారి పోయడంకంటే విడతలుగా వాడటం లాభం. వితరణ గుణకం (ఈథర్‌లోని గాఢతకు, నీటిలోని గాఢతకు ఉన్న నిష్పత్తి) 5 అనుకుంటే, 100 మిల్లీలీటర్ల నీటి ద్రావణాన్ని 90 మిల్లీలీటర్ల ఈథర్‌తో ఒక్కసారి కుదిపినప్పుడు నీటిలో 18 శాతం పదార్థం మిగులుతుంది. అదే ఈథర్‌ను 30 చొప్పున మూడుసార్లు వాడితే మిగిలేది 6 శాతమే.

ఉప్పు, నాఫ్తలీన్ మాత్రమే ఉంటే ఇదంతా అక్కర్లేదు, ఉత్పతనం చాలు. ఉప్పు స్థానంలో అమ్మోనియం క్లోరైడ్ ఉంటే మాత్రం బాగా వేడిచేసినప్పుడు అదీ పైకి లేచి నాఫ్తలీన్‌తో కలిసిపోవచ్చు.

దక్కినదాని శుద్ధతను ద్రవీభవన స్థానంతో సరిచూస్తారు: బెంజోయిక్ ఆమ్లానికి 122 డిగ్రీలు, నాఫ్తలీన్‌కు 80. అవక్షేపం కోసం హైడ్రోక్లోరికామ్లం కలిపినప్పుడు కొత్తగా సోడియం క్లోరైడ్ పుడుతుంది. బెంజోయిక్ ఆమ్లాన్ని చల్లని నీటితో కడిగేది దాన్ని వదిలించడానికే. కడిగిన నీటికి కొద్దిగా నత్రికామ్లం, సిల్వర్ నైట్రేట్ కలిపినప్పుడు తెల్లటి అవక్షేపం వస్తే మరోసారి కడగాలి.