లైను వేగం వేరు.. నెల కోటా వేరు
వెబ్‌సైట్ల నిర్వహణలో బ్యాండ్‌విడ్త్ లెక్కలు

నంద్యాల, ఆళ్లగడ్డ: ఇంటర్ ఫలితాలు వెలువడే రోజున నెట్ సెంటర్ల వద్ద తరచూ వినిపించే మాట ‘సైట్ తెరుచుకోవడం లేదు’ అన్నదే. లోపం లైనుదా, అవతలి సర్వర్‌దా అన్నది మాత్రం ఎవరూ తేల్చరు. శిల్పాల ఫొటోలను దూరదేశాల ఆలయ కమిటీలకు చూపదలచిన ఆళ్లగడ్డ శిల్పశాలకైనా, అహోబిలం యాత్రికులకు వసతి వివరాలు తెలపదలచిన సత్రానికైనా ఇదే చిక్కు ఎదురవుతుంది. సరిగ్గా ఆర్డరు వచ్చే వేళకు సైట్ మూతపడితే నష్టం యజమానిదే.

క్యూసెక్కులు.. టీఎంసీలు

కె.సి.కాలువ ఆయకట్టు రైతుకు ఈ విషయం తేలిగ్గా బోధపడుతుంది. కాలువలో క్షణానికి ఎంత నీరు పారుతున్నదో చెప్పేది క్యూసెక్కు. ఏడాదికి మొత్తం ఎంత వాటా ఉన్నదో చెప్పేది టీఎంసీ. కె.సి.కాలువకు బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన 39.9 టీఎంసీలు వాటాయే తప్ప ప్రవాహం కాదు. హోస్టింగ్‌లోనూ అంతే. సర్వర్ నుంచి సెకనుకు ఎంత సమాచారం బయటకు పోగలదన్నది బ్యాండ్‌విడ్త్. నెల మొత్తంలో ఎంత పోవచ్చన్నది డేటా కోటా. హోస్టింగ్ సంస్థలు ఈ రెండింటినీ బ్యాండ్‌విడ్త్ అనే పిలవడం వల్లనే గందరగోళం తలెత్తుతోంది.

దీనికి తోడు కొలమానాల తిరకాసు ఒకటుంది. లైను వేగాన్ని బిట్లలోను, ఫైలు పరిమాణాన్ని బైట్లలోను చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అందువల్ల 10 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు పోయేది 10 ఎంబీ కాదు, 1.25 ఎంబీ మాత్రమే.

ఒక ఉదాహరణ చూద్దాం. శిల్పశాల సైట్‌లో కెమెరా నుంచి తీసిన 3 ఎంబీ ఫొటోలను పదింటిని యథాతథంగా ఒకే పేజీలో ఉంచారనుకుందాం. పేజీ బరువు 30 ఎంబీ అవుతుంది. నెలకు 10 జీబీ కోటా ఉంటే సుమారు 330 మంది ఒక్కొక్కసారి చూసేసరికి అది హరించుకుపోతుంది. సర్వర్ లైను 10 ఎంబీపీఎస్ అయితే ఒక్కరు చూసినా 24 సెకన్లు పడుతుంది. పదిమంది ఒకేసారి చూస్తే నాలుగు నిమిషాలు. అవే ఫొటోలను ఒక్కొక్కటి 100 కేబీకి కుదిస్తే పేజీ బరువు 1 ఎంబీకి తగ్గుతుంది. అదే కోటాతో పదివేల సార్లు చూడవచ్చు. విగ్రహం ముఖంలోని పనితనం కంటికి కనిపించడానికి ఆ మాత్రం పరిమాణం చాలు. పైసా ఖర్చు లేని ఈ పనిని వదిలి పెద్ద ప్యాకేజీ కొనడం దండగ.

కోటా దాటితే కొన్ని సంస్థలు అదనపు రుసుము వేస్తాయి. మరికొన్ని ఆ నెలాఖరు వరకు సైట్‌ను నిలిపివేస్తాయి. అప్పుడు తెరపై 509 అంకెతో ‘బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్’ అన్న సందేశం కనిపిస్తుంది. ‘అన్‌లిమిటెడ్’ ప్రకటనలనూ పూర్తిగా నమ్మరాదు. చౌక హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌పై వందలాది సైట్లు ఉంటాయి. కోటాకు హద్దు లేకున్నా, ప్రాసెసర్ వాడకానికి, ఒకేసారి వచ్చే సందర్శకుల సంఖ్యకు నిబంధనల్లో హద్దు ఉంటుంది.

ఫలితాల రోజు కథ ఇంకొకటి. హాల్‌టికెట్ నంబరు కొడితే వచ్చే పేజీ కొద్ది కేబీలకు మించదు. అక్కడ తరిగేది కోటా కాదు. లక్షలాది మంది ఒకే నిమిషంలో అడిగేసరికి సమాచార నిల్వ నుంచి మార్కులు వెతికి ఇవ్వడంలో సర్వర్ చతికిలపడుతుంది. అందుకే ఫలితాలను పలు సైట్లలో ఒకేసారి ఉంచడం ఆనవాయితీ అయింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ద్వారానూ ఇంటర్ ఫలితాలు అందించింది.

సొంత గదిలో సర్వర్?

డయల్‌అప్ కాలంలో 56 కేబీపీఎస్ మోడెమ్‌పై 1 ఎంబీ ఫైలు రావడానికి రెండు నిమిషాలకు పైనే పట్టేది. 2004 జాతీయ విధానం 256 కేబీపీఎస్‌ను బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. ఆ కనీస వేగం 2013లో 512 కేబీపీఎస్‌కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా పల్లెలకు కేబుల్ చేర్చింది.

వేగం పెరిగింది గనుక సర్వర్‌ను దుకాణంలోనే పెట్టుకోవచ్చు గదా అన్న ఆలోచన రావచ్చు. అది ఆచరణలో కుదరదు. టెలిఫోన్ తీగపై వచ్చే ఏడీఎస్ఎల్ లైనులో దిగుమతి వేగం ఎక్కువ, ఎగుమతి వేగం బహు స్వల్పం. సర్వర్‌కు కావలసింది ఎగుమతే. పైగా ఎక్స్ఛేంజికి దూరమయ్యే కొద్దీ వేగం పడిపోతుంది. ఫైబర్ లైనుకు ఈ బాధ లేకున్నా మారని ఐపీ చిరునామా, నిరంతర విద్యుత్తు తప్పనిసరి.

సర్వర్ ఏ దేశంలో ఉన్నదన్నదీ ముఖ్యమే. 2008 జనవరి 30న ఈజిప్టు తీరంలో సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు భారతదేశంలో నెట్ బాగా మందగించింది. ఇక్కడి వినియోగదారులు చూసే సైట్‌కు స్వదేశంలోని డేటా కేంద్రమే మేలు.

కోటా ఎలా ఖర్చవుతున్నదో హోస్టింగ్ సంస్థ ఇచ్చే కంట్రోల్ ప్యానెల్‌లో రోజువారీగా చూసుకోవచ్చు. సందర్శకులు పెరగకుండానే వాడకం పెరిగితే, ఇతర సైట్ల వారు ఫొటోల లింకును నేరుగా తమ పేజీల్లో పెట్టుకున్నారేమో గమనించాలి. బొమ్మ వారి సైట్‌లో కనిపిస్తుంది, కోటా మాత్రం శిల్పశాలది తరుగుతుంది. దీనిని హాట్‌లింకింగ్ అంటారు. చాలా కంట్రోల్ ప్యానెళ్లలో దీనిని నిరోధించే మీట ఉంటుంది.