కాడిలాక్ లె మాన్స్

కాడిలాక్ లె మాన్స్ అనేది అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థలోని కాడిలాక్ విభాగం 1953లో రూపొందించిన కాన్సెప్ట్ కారు. కాన్సెప్ట్ కారు అనగా అమ్మకానికి కాక, కొత్త ఆలోచనలను ప్రజల ముందుంచి వారి స్పందన తెలుసుకొనుటకు తయారుచేసే నమూనా. పైకప్పు తెరచి మూయగల ఈ విలాసవంతమైన స్పోర్ట్స్ కార్లను నాలుగు మాత్రమే నిర్మించారు. వాటిలో ఒకదాని ఆచూకీ నేటికీ తెలియదు.

పేరు

ఫ్రాన్సులోని లె మాన్స్ పట్టణంలో జరిగే 24 గంటల కార్ల పందెం నుండి ఈ పేరు వచ్చింది. 1950 నాటి పందెంలో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా క్రీడాకారుడు దింపిన రెండు కాడిలాక్ కార్లు 10, 11 స్థానాలలో నిలిచాయి. వీటిలో ఒకదాని వింత ఆకారాన్ని చూసి ఫ్రెంచివారు దానిని "రాక్షసి" అని పిలిచారు. 1953 నాటి కారుకు మాత్రం పందెంతో పేరు తప్ప వేరే సంబంధం లేదు.

నిర్మాణం

దీని రూపకల్పన జనరల్ మోటార్స్ రూపకల్పన విభాగానికి అధిపతి అయిన హార్లీ ఎర్ల్ ఆధ్వర్యంలో జరిగింది. కారు పైభాగాన్ని ఉక్కు రేకుతో కాక ఫైబర్‌గ్లాస్‌తో, అనగా గాజు పోగులకు రెసిన్ పట్టించి అచ్చులో గట్టిపరచిన పదార్థంతో చేశారు. ఉక్కు రేకును వంచుటకు ఖరీదైన అచ్చులు అవసరం. రెండు మూడు కార్ల కొరకు వాటిని చేయించడం గిట్టుబాటు కాదు. కారు ఎత్తు సుమారు 130 సెం.మీ. మాత్రమే. 5.4 లీటర్ల వి8 ఇంజను 250 అశ్వశక్తిని ఇచ్చేది. ఆ ఏడాది బజారులో అమ్మిన కాడిలాక్ కార్లలో ఇదే ఇంజను శక్తి 210. వాన చినుకులు పడగానే పైకప్పు దానంతటదే మూసుకొనే ఏర్పాటు కూడా ఇందులో ఉండేది.

ప్రదర్శన

1953 జనవరిలో న్యూయార్క్ నగరంలోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో జరిగిన మోటోరామా ప్రదర్శనలో దీనిని ప్రజలకు చూపారు. అదే ప్రదర్శనలో ఫైబర్‌గ్లాస్‌తోనే చేసిన షెవ్రొలె కార్వెట్ కూడా ఉంది. కార్వెట్ ఆ జూన్ నెలలోనే ఉత్పత్తికి వెళ్ళి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. లె మాన్స్‌కు ఆ అదృష్టం దక్కలేదు. కాడిలాక్ ఆ సంవత్సరం అమ్మిన ఎల్డరాడో అనే ఖరీదైన కారే 532 మాత్రం తయారయింది.

నాలుగు కార్లు

ఒక కారు జనరల్ మోటార్స్ వద్దనే ఉండిపోయింది. తరువాతి కాలంలో దాని ముందు దీపాలను, వెనుక రెక్కలను మార్చారు. మరొకటి ప్రైవేటు యాజమాన్యంలోకి వెళ్ళింది. మూడవది 1985లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నాలుగవ దానిని 1953 నవంబరు 8 నుండి 10 వరకు ఓక్లహోమా సిటీలోని ఒక కార్ల విక్రయశాలలో ప్రదర్శించారు. ఆ తరువాత అది ఎవరికీ కనిపించలేదు.