బాతు పుర్రెలోంచి వెలుతురు

పెంపుడు బాతుల మీద ఫిర్యాదులన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తాయి. న్యూజెర్సీలో మా పెరట్లో కూడా బాతులున్నాయి కాబట్టి ఆ ఫిర్యాదులు నా దాకా వస్తుంటాయి. నాతో పనిచేసే ఒకాయన ఐతే ఏకంగా "మా మూడింటినీ మీరే తీసుకోండి, లేకపోతే పార్కు చెరువులో వదిలేస్తా" అన్నారు. నిన్నటిదాకా చేతిలో గింజలు తిన్న ఆడబాతు ఇప్పుడు దగ్గరికెళ్తే బుసకొడుతోందట. మగబాతు వాళ్ళబ్బాయి కాళ్ళమీద పడి పొడుస్తోందట. "పొగరెక్కిందండీ" అని ఆయన తీర్పు.

పెకిన్ బాతు ఎగరలేదు. దాన్ని చెరువులో వదలడమంటే నక్కకి అప్పజెప్పడమే. కనుక ఆ తీర్పు సరైనదో కాదో తేల్చడం కాస్త ముఖ్యం. పొగరు కాదు అనే మాట పూర్తిగా రుజువవడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ కథ నాకు భలే నచ్చింది.

చలికాలంలో పక్షులకి దీపం పెడితే వసంతం వచ్చిందనుకుంటాయని జనానికి ఎప్పట్నుంచో తెలుసు. జపాన్ లో పాటపిట్టల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, నడి చలికాలంలో పాడించేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కోళ్ళఫారాల్లో బల్బులు వేలాడుతున్నాయి. ఎందుకు పనిచేస్తోందంటే మాత్రం, "ఎక్కువసేపు మేలుకుని ఎక్కువ తింటాయి కదా" అనేవాళ్ళు. 1924లో కెనడాలోని ఎడ్మంటన్ లో విలియం రోవన్ అనే ఆయన జంకో అనే చిన్న పిట్టల్ని పంజరాల్లో పెట్టి, గడ్డకట్టే చలిలో రోజూ కాసేపు అదనంగా బల్బు వెలిగించాడు. బయట మంచు కురుస్తోంటే లోపల పిట్టల వృషణాలు వసంతంలో లాగా పెరిగాయి. కారణం చలీ వేడీ కాదు, పగటి పొడవు అని తేలింది. ఐతే వెలుతురు నేరుగా పనిచేస్తుందని ఆయన కూడా నమ్మలేదు. మేలుకుని ఎక్కువ కదలడం వల్లే అనుకున్నాడు.

అసలు మలుపు బాతులతో వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్వా 1930లలో పెకిన్ మగబాతుల మీద ఈ ప్రయోగమే చేశాడు. దీపం పెడితే వృషణాలు ఎన్నోరెట్లు పెరిగాయి. వెలుతురు కంట్లోంచే కదా పోవాలి! అందుకని కళ్ళు తీసేసి చూశాడు. అయినా పెరిగాయి. తలకి నల్లటి ముసుగు తొడిగాడు. పెరగలేదు. తర్వాత కంటిగుంటలోంచి సన్నటి క్వార్ట్జ్ కడ్డీ పెట్టి, హైపోథలామస్ మీదికి నేరుగా వెలుతురు పంపాడు. మళ్ళీ పెరిగాయి. అంటే ఋతువు సంగతి బాతుకి చెప్పేది కన్ను కాదు. ఈకలు, చర్మం, ఎముక దాటుకుని మెదడులోకే దిగే వెలుతురు! (ఈ ప్రయోగాల గురించి చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది. ఫలితం ఎంత గొప్పదైనా, ఆ బాతుల్ని తల్చుకోకుండా చదవలేకపోయాను.)

ఇంత స్పష్టంగా ఉన్నా చాలామంది పక్కన పెట్టేశారు. పైగా 1957లో బెన్వా బృందం ఒక జాతి బాతు డీఎన్ఏని ఇంకో జాతి పిల్లలకి ఎక్కిస్తే వాటి రూపం మారిందని ప్రకటించింది. పేపర్లు గోల గోల చేశాయి. ఆ ఫలితం నిలబడలేదు. ఆ మచ్చ వెలుతురు పని మీద కూడా ఎంత పడిందో గానీ, దాన్ని గట్టిపరచడానికి ఇంకొకరు రావాల్సొచ్చింది. అమెరికాలో మైకేల్ మెనాకర్ 1960ల చివర్లో గుడ్డి పిచ్చుకలతో మొదలుపెట్టి, తల చర్మం కింద ఇండియా ఇంకు ఎక్కించి వెలుతురుని ఆపాడు. పిచ్చుకకి వసంతం ఆగిపోయింది. (ఇండియా ఇంకు చైనాది, ఇండియన్ రన్నర్ బాతు ఇండోనేషియాది. మన పేరు మాత్రం రెంటికీ తగిలించారు.) మెదడు లోతుల్లో వెలుతుర్ని పసిగట్టే ప్రోటీన్ల పేర్లు తేలేసరికి 2009, 2010 వచ్చేశాయి. వాటిలో ఆప్సిన్ 5 అనేదాన్ని జపాన్ వాళ్ళు కౌజుపిట్టల్లో పట్టుకున్నారు.

సరే, మగబాతు సంగతి తేలింది. పగలు పెరిగింది, హార్మోన్లు పెరిగాయి, తన మంద చుట్టుపక్కల కదిలే ప్రతిదీ పోటీదారే, పిల్లాడి కాళ్ళతో సహా. మరి ఆడబాతు ఎందుకు బుసకొడుతుంది?

దీనికి పెంపుడు బాతుల మూలమైన మల్లార్డ్ అనే అడవిబాతుని చూడాలి. అది రోజుకొకటి చొప్పున పది దాకా గుడ్లు పెడుతుంది. ఆఖరి గుడ్డు పడేదాకా పొదగదు, అందుకే పిల్లలన్నీ దాదాపు ఒకేరోజు బయటికొస్తాయి. అప్పటిదాకా గూడు ఎవరికీ కనబడకూడదు. చాటు వెతకడం, గుడ్ల మీద ఆకులు కప్పడం, ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోవడం, ఇదంతా ఆ కొద్దిరోజుల పని. తర్వాత 28 రోజులు పొదుగుతుంది. పొట్టకింద గుడ్ల స్పర్శ తగిలేకొద్దీ ప్రోలాక్టిన్ అనే హార్మోను నిలబడుతుంది, గుడ్లు పెట్టడం ఆగుతుంది. ఈ హార్మోనుకి పేరు పెట్టినవాడు ఆస్కార్ రిడిల్. 1935లో ఆయన బృందం గుడ్లు పెడుతున్న కోళ్ళకి ప్రోలాక్టిన్ ఎక్కిస్తే, అవి పెట్టడం మానేసి పొదుగుకి కూర్చున్నాయి.

మనం చేసిందేంటంటే, ఈ వరసని మధ్యలో తెంపాం. పొద్దున్నే గుడ్డు తీసేసుకుంటాం కాబట్టి బాతుకి ఆ లెక్క ఎప్పటికీ పూర్తికాదు. అది చాలక, పొదుగుకి కూర్చోనివాటినే ఏరి పెంచాం. ఇంగ్లండులో గ్లౌస్టర్ షైర్ కి చెందిన ఎడేల్ కాంప్ బెల్ అనే ఆవిడ పందొమ్మిదో శతాబ్దం చివర్లో బాగా గుడ్లు పెట్టే రన్నర్ బాతుని రూయెన్ మగబాతుతో జతకట్టించి మొదలుపెట్టిన జాతే ఖాకీ కాంప్ బెల్. ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది, పొదిగేది చాలా అరుదు. మన ఊళ్ళలో బాతుగుడ్లని కోడి కింద పెట్టి పొదిగించడం ఇందుకే. ఆ కోడి పాపం, పిల్లలు చెరువులోకి దిగితే గట్టుమీద గగ్గోలు పెట్టడం చూసినవాళ్ళు మీలో కూడా ఉండే ఉంటారు.

ఐతే ఏరి పెంచినా పాతది పూర్తిగా పోదు. ప్రోగ్రాములో ఓ ఫంక్షన్ ని కామెంట్ చేసి, దాన్ని పిలిచే లైన్లు అలాగే వదిలేసినట్టుంటుంది. పెంపుడు బాతు మూలలు వెతుకుతుంది, గడ్డి పోగేస్తుంది, రెండ్రోజులు కూర్చుంటుంది, బుసకొడుతుంది, మూడోరోజు ఏమీ ఎరగనట్టు వచ్చి మేత అడుగుతుంది.

ఆయనకి ఇదంతా చెప్పి, రెండు పనులు చెయ్యమన్నాను. ఒకటి, మగబాతుని కంచె వేసి వేరు చెయ్యడం. రెండు ఆడబాతులకి ఒక మగబాతంటే వాటికి నరకమే, నాలుగైదుంటే నయం. రెండోది, ఆడబాతు గూడు జోలికి గుడ్డు తీసేటప్పుడు తప్ప వెళ్ళకపోవడం. చెరువు ఆలోచన మానుకున్నారు. జూలై కల్లా ఆ మగబాతు ఈకలు రాల్చుకుని, కంచె పక్కన నీడలో పడుకునుంది. అడవిలో మగ మల్లార్డ్ కూడా అంతే, వేసవిలో తళతళలాడే ఈకలన్నీ రాల్చేసి కొన్నివారాలు ఎగరలేకుండా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదర్లేదు. ఆయన నవంబర్ నుంచి గూట్లో బల్బు వెలిగిస్తారు, చలికాలంలో కూడా గుడ్లు రావాలని. "బల్బే కదా, బాతు నిద్రపోతే సరి" అంటారు. కళ్ళు మూసుకున్నా ఆ వెలుతురు ఆగదని బెన్వా చూపించి తొంభై ఏళ్ళయింది. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. మేతలో చాలకపోతే బాతు దాన్ని తన ఎముకల్లోంచి తీసిస్తుంది. నా మటుకు నాకు, ఫారం పెట్టి బతికేవాడు బల్బు వెలిగించుకుంటే అదో లెక్క. పేర్లు పెట్టి పిలుచుకునే మూడు బాతులకి చలికాలం సెలవు ఇవ్వలేమా? మా గూట్లో డిసెంబర్ లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ రెండునెలలూ కొట్లో కోడిగుడ్లు కొనుక్కుంటాం.