పెరటి పక్షుల పోషణ

పెరటి పక్షుల పోషణ అనగా స్వేచ్ఛగా తిరిగే పక్షులు ఇంటి తోటకు, పెరటికి లేదా డాబాపైకి వచ్చేలా వాటికి నీరు, ఆహారం, నీడ, గూడు కట్టుకొనుటకు చోటు కల్పించడం. పక్షులను పంజరంలో పెంచడానికి ఇది పూర్తిగా భిన్నమైనది. గింజలు చల్లడం ఇందులో ఒక చిన్న భాగం మాత్రమే. నీరు, పురుగులు, స్థానిక మొక్కలు, గూటికి అనువైన చోటు లేనిచో ఎన్ని గింజలు చల్లినా ఎక్కువగా పావురాలే చేరుతాయి. హైదరాబాదు తూర్పు శివారులోని చెంగిచెర్ల పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని క్రింద వివరించడమైనది.

సంప్రదాయం

తెలుగు పల్లెలలో పక్షులకు తిండి పెట్టడం పాత ఆచారం. వరి కోతల తరువాత కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, వసారా దూలానికి, గుడి మండపాలకు వేలాడదీసేవారు. పిచ్చుకలు వాటిని పట్టుకొని వ్రేలాడుతూ గింజలు తినేవి. శ్రాద్ధ దినమున కాకికి పిండం పెట్టడం నేటికీ ఉన్నది. తెలంగాణలో దసరా నాడు పాలపిట్టను చూడడం శుభమని నమ్ముతారు. 2014లో పాలపిట్టను తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు.

చెంగిచెర్ల పరిసరాలు

చెంగిచెర్ల మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో, ఉప్పల్, నాచారం ప్రాంతాలకు తూర్పు దిక్కున ఉన్నది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఇక్కడ అటవీశాఖ ఆధీనంలో రక్షిత అటవీ భూమి కలదు. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు ఈ ప్రాంతపు జలవనరులు. నగరం విస్తరించడంతో పొలాలు, బీళ్లు ఇళ్ల స్థలాలుగా మారినవి. పొదలను, గడ్డిని, పాత చెట్లను ఆశ్రయించి బ్రతికే పక్షులకు అడవికి, చెరువులకు మధ్యనున్న ఇంటి తోటలు కొంతవరకు విడిదిగా ఉపయోగపడతాయి.

ఈ ప్రాంతం ఒకప్పుడు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆ సంస్థానపు పక్షులపై సలీం అలీ 1931-32లో సర్వే జరిపారు. 1980లో హైదరాబాదులో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘం నేడు డెక్కన్ బర్డర్స్ అనే పేరుతో పనిచేస్తున్నది.

పిచ్చుకల పరిస్థితి

2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య సుమారు స్థిరంగానే ఉన్నది. అయితే హైదరాబాదుతో సహా ఆరు మహానగరాలలో క్రమంగా తగ్గుతున్నది. పెంకుటిళ్ల చూరులోను, గోడల సందులలోను పిచ్చుకలు గూళ్లు పెట్టేవి; కాంక్రీటు కప్పులలో అటువంటి సందులు లేవు. పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నప్పటికీ పిల్లలకు తొలి రోజులలో ముఖ్యంగా పురుగులనే తినిపిస్తాయి. కావున పురుగుమందులు చల్లిన తోటలో గింజలు దొరికినా పిల్లలు బ్రతకడం కష్టం.

తోటకు వచ్చే పక్షులు, వాటి ఆహారం

* ఊరపిచ్చుక – గింజలు, పురుగులు
* తేనెపిట్ట – పూలలోని మకరందం, సాలీళ్లు, చిన్న పురుగులు
* పిగిలిపిట్ట – పండ్లు, పురుగులు
* గోరింక – పండ్లు, పురుగులు, మిగిలిన అన్నం
* కోకిల – ముఖ్యంగా పండ్లు
* నల్లంచి – నేలపై దొరికే పురుగులు
* రామచిలుక – పండ్లు, కాయలు, గింజలు
* పాలపిట్ట – మిడతలు, ఇతర కీటకాలు, చిన్న బల్లులు

ఈ జాబితాలో గింజలు తినేవి కొన్ని మాత్రమే. రాష్ట్ర పక్షియైన పాలపిట్ట ధాన్యం కొరకు రాదు. మిడతలున్న పచ్చిక కొరకు వస్తుంది.

నీరు

ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటుంది. గింజలు తినని పక్షులు కూడా నీటి కొరకు వస్తాయి కనుక మొదట చేయవలసిన పని నీరు పెట్టడం. వెడల్పైన మట్టి మూకుడు ఇందుకు అనువైనది. నీటి లోతు 3 నుండి 5 సెంటీమీటర్లు మించరాదు. చిన్న పక్షులు నిలబడుటకు మధ్యలో ఒక రాయి ఉంచవలెను. నీడలో, పిల్లులు పొంచి ఉండే పొదలకు కొంత దూరంగా పెట్టవలెను. నీటిని ప్రతిరోజూ మార్చి పాత్రను తోమవలెను. లేనిచో పక్షులకు జబ్బులు సోకడమే గాక దోమలు కూడా పెరుగుతాయి.

మొక్కలు

మందార పూలకు తేనెపిట్టలు, కరివేపాకు పండ్లకు పిగిలిపిట్టలు, కోకిలలు వస్తాయి. జామ, బొప్పాయి చెట్లపై కొన్ని పండ్లు కోయకుండా విడిచిన మంచిది. స్థలమున్నచో వేప, మేడి, జమ్మి వంటి చెట్లు నాటవచ్చును. రాలిన ఆకులను ఒక మూల వదిలిపెట్టినచో నల్లంచి వంటి పక్షులకు పురుగులు దొరుకుతాయి. డాబాపై కుండీలలో కూడా మందార, కరివేపాకు పెరుగుతాయి.

గింజలు

కొర్రలు, సజ్జలు, నూకలు, జొన్నలు పెట్టవచ్చును. ఒక పూటలో తినగలిగినంత మాత్రమే వేసి, మిగిలిన దానిని తీసివేయవలెను. నేలపై కుప్పగా పోయుటకంటె వరికంకుల కుచ్చు వేలాడదీయుట మేలు. పిచ్చుకలు దానిని సులభంగా పట్టుకొనగలవు. పావురాలకు అది కష్టం. ఉప్పు, మసాలా కలిసిన పదార్థాలు, బూజు పట్టిన గింజలు, పాలు పెట్టరాదు.

పావురాలు గుంపులుగా చేరిన చోట వాటి రెట్టల, ఈకల ధూళి వలన కొందరికి ఊపిరితిత్తుల వ్యాధి కలుగుతుంది. అందువలన పావురాలు పెరిగినచో గింజలు వేయడం కొంతకాలం ఆపి, నీరు, మొక్కలు మాత్రమే కొనసాగించడం ఉత్తమం.

గూళ్లు

పిచ్చుకల గూటిపెట్టెకు సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రం చాలును. అంతకంటె పెద్దదైనచో గోరింకలు ఆక్రమించవచ్చును. పెట్టెను మనిషికి అందని ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు బిగించవలెను. పిచ్చుకలు ఒకదానికొకటి దగ్గరగా గూళ్లు పెట్టుకొంటాయి కనుక రెండు మూడు పెట్టెలు అమర్చడం మంచిది. గ్రుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు పెట్టెను తెరచి చూడరాదు.

జాగ్రత్తలు, చట్టం

* పక్షులు ఢీకొనకుండా పెద్ద కిటికీ అద్దాలపై దగ్గర దగ్గరగా గీతలు లేదా కాగితపు ముక్కలు అతికించవలెను.
* గాలిపటాలకు వాడే నైలాన్ మాంజా పక్షుల రెక్కలను కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనిని దేశవ్యాప్తంగా నిషేధించింది. చెట్లకు చిక్కిన దారాన్ని తొలగించవలెను.
* పక్షులు కారణం తెలియకుండా మరణించి పడి ఉన్నచో ఒట్టి చేతులతో తాకక, పశుసంవర్ధక శాఖ వారికి తెలియజేయవలెను.
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రామచిలుక, పాలపిట్ట వంటి దేశీయ అడవి పక్షులను పట్టడం, పంజరంలో ఉంచడం నేరం. దసరాకు పంజరంలోని పాలపిట్టకు డబ్బిచ్చి చూడడం దానిని పట్టే వారిని ప్రోత్సహించడమే అగును.

పక్షుల గణన

1998లో అమెరికాలో మొదలైన పెరటి పక్షుల గణనలో భారతీయులు 2013 నుండి పాల్గొంటున్నారు. ఇది ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట కనిపించిన పక్షులను లెక్కించి నమోదు చేయవలెను. విద్యార్థులు తమ డాబాపై నుండే ఇందులో పాల్గొనవచ్చును. ఏటా ఒకే చోట వ్రాసుకొన్న లెక్కల వలన తమ వీధిలో ఏ పక్షులు తగ్గుతున్నవో, ఏవి తిరిగి వస్తున్నవో కొంతకాలానికి తెలుస్తుంది.